‘ఆయన’ అన్న చోటల్లా

కంప్యూటరు అడిగిన ప్రశ్న దగ్గర ఆగాం కదా. సింధూరి ‘తాతయ్య’ అని కొట్టి వెతికింది. తెర నిండా ఫొటోలు పరుచుకున్నాయి. వాటిలోంచి అది రెండు మొహాలు ఏరి పక్కపక్కన పెట్టి, ‘ఈ ఇద్దరూ ఒకరేనా?’ అంది. కింద రెండే గళ్ళు. అవును, కాదు. మనకి వారం గడిచింది గానీ, ఆ పిల్లకి మాత్రం ఇంకా ఆ క్షణమే నడుస్తోంది. మౌసు మీద వేలు పెట్టుకుని అలాగే కూర్చుని ఉంది.

ఈ కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు అక్కడ వీళ్ళ ఇంట్లో బీరువా కింది అరలో ఉన్న పాత ఫొటోలన్నీ రోజుల తరబడి నీళ్ళలో నానాయి. బొమ్మలు చాలావరకు దక్కాయి. వెనక సిరాతో రాసిన పేర్లు మాత్రం కొట్టుకుపోయాయి. ఆ భయానికి కుటుంబమంతా అదే వీధిలో మూడో అంతస్తు ఫ్లాటులోకి మారింది. ఆ చలికాలమే పెద్దాయన వెంకటకృష్ణారావు పోయాడు. ఈ గురువారం కంకిపాడులో ఆయన సంవత్సరీకం. ‘మా నాన్న జీవితమంతా హాలు గోడల మీద కనబడాలి’ అని కొడుకు దుర్గాప్రసాద్ పట్టు. పట్టు ఆయనది, పని కూతురు సింధూరిది. లోకంలో పట్టుదలలన్నీ ఇలాగే ఉంటాయి లెండి.

ఫొటోలన్నీ స్కాను చేసి, ఒక్కోదానికీ కీవర్డులు తగిలించడం మొదలుపెట్టింది సింధూరి. మనిషి, ఊరు, సందర్భం. వెనక రాత లేదు కాబట్టి, ఎవరు ఎవరో చెప్పగలిగింది ఇంట్లో ఒక్క నానమ్మే. మాణిక్యమ్మ చెబుతుంది, మనవరాలు కొడుతుంది. మాణిక్యమ్మకి కీవర్డు అన్న మాట నోరు తిరగలేదు. పచ్చడి జాడీకి అంటించినట్టే కదా అని దానికి ‘చీటీ’ అని పేరు పెట్టేసింది.

మధ్యలో ఒక ఆదివారం దుర్గాప్రసాద్ సాయం చేస్తానని వచ్చి, తండ్రి పెద్దకర్మ ఫొటోలు తన ఫోన్‌లోంచి ఎక్కించి, వాటికి చీటీలు కూడా తగిలించాడు. తండ్రి పటం ఉన్న ఫొటోలకి ‘నాన్న’ అని. సింధూరి తల పట్టుకుంది. “నీ వరసలో కొడితే ఎలా నాన్నా? ఇక్కడ నాన్నంటే నువ్వు, తాతయ్యంటే తాతయ్య. అందరూ నా వరసలోనే కొట్టాలి, లేకపోతే వెతికేవాళ్ళకి పిచ్చెక్కుతుంది” అంది. ఆయన నవ్వి లేచిపోయాడు. ఆ చీటీలన్నీ ఆమె కూర్చుని సరిచేసుకుంది. దుర్గాప్రసాద్ కనిపించే ఫొటోలకి మాత్రం అలాగే వదిలేసింది, అవి ఎలాగూ ‘నాన్న’వే కదా అని. మాణిక్యమ్మ ఆ ఫొటోల వంక చూడలేదు. “ఆ రోజువి నాకొద్దే” అని మొహం తిప్పేసుకుంది.

సింధూరి ఇంత జాగ్రత్తపరురాలే గానీ ఒక్కచోట బోల్తా పడింది. మాణిక్యమ్మ మొగుడి పేరు పలకదు. పలికితే ఆయుష్షు తరుగుతుందని ఆ తరం నమ్మకం. ఫొటో చూపిస్తే, “ఇది ఆయన” అనేది. ‘ఆయన’ అన్న చోటల్లా మనవరాలు ‘తాతయ్య’ అని కొట్టుకుంటూ పోయింది. మన ఇళ్ళలో పుట్టి పెరిగిన ఏ పిల్లయినా అదే కొడుతుంది.

ఫోన్ మోగింది. దుర్గాప్రసాద్.

“అమ్మలూ, బెంజి సర్కిల్ దగ్గరున్నా. ట్రాఫిక్ చంపేస్తోంది. పెన్‌డ్రైవ్‌లో ‘తాతయ్య’ ఫోల్డరు ఎక్కించి రెడీగా పెట్టు. భోంచేసి నేరుగా గవర్నర్‌పేట ల్యాబుకెళ్ళాలి. సాయంత్రం లోపల ఇవ్వకపోతే ప్రింట్లు అందవంటున్నాడు.”

“సరే నాన్నా.”

“నానమ్మతో చెప్పు, ఇంకొకళ్ళకి కూడా వండమని. నాతో ఒకాయన వస్తున్నారు.”

“ఎవరు?”

“వచ్చాక చూద్దువుగాని” అని పెట్టేశాడు.

సింధూరి వాళ్ళమ్మ కంకిపాడులో హాలు పనులు చూసుకుంటోంది. ఇంట్లో ఉన్నది వీళ్ళిద్దరే. మాణిక్యమ్మ సోఫా పక్కన పీట వేసుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఒకాయన వస్తున్నాడని చెప్పగానే సంచిలోంచి ఇంకో గుప్పెడు కాయలు తీసి ముందేసుకుంది.

“నానమ్మా, ఒకసారి ఇలా చూడు.”

మాణిక్యమ్మ కళ్ళజోడు సర్దుకుని తెర వైపు వంగింది. “ఏవుందీ? మీ తాతయ్య.”

“రెండూనా?”

“రెండూనే. వయసులో ఉన్నప్పుడు అలా ఉండేవారు. మనిషి మారడూ? నన్ను చూడు, పెళ్ళినాటి ఫొటోలో నన్ను నువ్వే గుర్తుపట్టలేదు.”

జవాబు తడుముకోకుండానే వచ్చింది. కానీ ఆవిడ వేళ్ళు ఈనెల్ని గిన్నెలో వేసి, కాయని చెత్తలో పడేశాయి. సింధూరి అది చూసింది. చూడకుండా ఉంటే బాగుండునని కూడా అనుకుంది.

“ఈ ఫొటో పెద్దది చేస్తాను చూడు. ఈయనకి కుడి కనుబొమ మధ్యలో గాటుంది. తాతయ్యకి లేదు. గాటు వయసుతో పాటు పోతుందా?”

“ఫొటో నానిపోయింది కదే. అక్కడ పొర లేచుంటుంది.”

“అన్ని ఫొటోల్లోనూ అక్కడే లేస్తుందా నానమ్మా?”

“నువ్వు లా చదవాల్సిన దానివి” అంది మాణిక్యమ్మ. నవ్వబోయింది గానీ నవ్వు సగంలోనే ఆగిపోయింది. “వదిలెయ్యవే. అవునని నొక్కు. వాడు వచ్చే వేళయింది.”

నొక్కేస్తే అయిపోయేది. ఆ మాట మీద సింధూరి నొక్కి ఉంటే, కనుబొమ మీద గాటున్న ఆ మనిషి గురువారం నాడు కంకిపాడు హాల్లో నిలువెత్తున, వెంకటకృష్ణారావు పేరుతో గోడకెక్కేవాడు. నానమ్మ పుట్టిల్లు చల్లపల్లి నుంచి వచ్చే చుట్టాల్లో ఏ ముసలాయనో దాని ముందు ఆగేవాడు. ఆ తరవాత ఏం జరిగేదో ఆ పిల్లకి తెలియదు గానీ, నానమ్మ మొహం మాత్రం చూసింది.

ఆమె నొక్కలేదు. ఇంకో మాట కొట్టింది: ‘కిష్టుడు’.

కిష్టుడు అంటే ఆ పాత ఫొటోల్లో గాటు మనిషి పక్కన నిలబడి ఉండే బక్కపలచని కుర్రాడు. మొన్న మాణిక్యమ్మ వాడిని చూసి ముసిముసిగా నవ్వింది. “వీడు కిష్టుడు. ఫొటో అంటే చాలు, చొక్కా గుండీలు పెట్టుకోకుండానే పరిగెత్తుకొచ్చేవాడు” అంది. ఎవరని అడిగితే “మావాళ్ళ అబ్బాయిలే” అంది. సింధూరి చీటీ తగిలించి ఊరుకుంది. ఒక వయసు దాటాక కిష్టుడు మరే ఫొటోలోనూ లేడు. ఎటో వెళ్ళిపోయి ఉంటాడనుకుంది.

ఇప్పుడు కిష్టుడి మొహం మీద నొక్కింది. కంప్యూటరుకి మొహమాటం ఉండదు కదా. మళ్ళీ అదే ప్రశ్న వేసింది: ‘ఈ ఇద్దరూ ఒకరేనా?’ ఒక పక్క కిష్టుడు. రెండో పక్క, గోడ మీద దండ వేసి ఉన్న ఫొటోలోని తాతయ్య. అవే చెవులు. అదే ఎడమ వైపు ఒరిగిన నవ్వు. ఈసారి జవాబు చెప్పడానికి ఎవరూ అక్కర్లేదు.

“కిష్టుడు... వెంకటకృష్ణుడు” అంది సింధూరి నెమ్మదిగా. “నానమ్మా, తాతయ్య పేరు నువ్వెప్పుడూ పలకవు. మరి ఈ ఫొటోలు చూపించినప్పుడు మాత్రం కిష్టుడు కిష్టుడు అని అన్నిసార్లు ఎలా అన్నావు?”

మాణిక్యమ్మ గిన్నె పక్కన పెట్టింది. చీర కుచ్చిళ్ళలో పడ్డ ఈనెలు ఒక్కొక్కటే ఏరి తీసింది. బయట ఏదో ఆటో హారను కొట్టుకుంటూ పోయింది.

“అప్పుడు మీ తాతయ్య కాదుగా” అంది. “అప్పుడు నాకు మరిది.”

కొన్ని మాటలు విన్న వెంటనే అర్థం కావు. అర్థమయ్యాక ఇంట్లో వస్తువులన్నీ కొత్తగా కనబడతాయి. సింధూరి గోడ మీద తాతయ్య వంక చూసింది, తెర మీద గాటు మనిషి వంక చూసింది.

“అయితే ఈయన...”

“ఆయనే” అంది మాణిక్యమ్మ. “నేను ఆయన అంటే ఆయనేనే. నువ్వు తాతయ్య అని కొడుతున్నావని నాకేం తెలుసు? నాకు ఇంగ్లీషు రాదాయె. అయినా తెలుగులో కొట్టినా చూసేదాన్ని కాదు. ఎన్నేళ్ళకో ఆయన మొహాలు మళ్ళీ చూస్తున్నా. నోట్లోంచి అదే వచ్చింది.”

తరవాత ఆవిడ చెప్పింది తక్కువ. చెప్పనిది సింధూరి ఊహించుకుంది. చల్లపల్లికి అవతల, సముద్రానికి దగ్గర ఊరు. కార్తీకంలో ఉప్పెన వచ్చిన ఏడు. చంకలో పసివాడు దుర్గాప్రసాద్‌తో మాణిక్యమ్మ చల్లపల్లిలో పుట్టింట్లో ఉంది. ఆయన కోతకొచ్చిన చేను చూసుకుంటానని ఊరికెళ్ళాడు. చేనూ లేదు, ఊరూ లేదు, మనిషీ లేడు. కిష్టుడు వెతికాడు. దొరికిన ప్రతి శవాన్నీ తిప్పి చూశాడు. తిరిగొచ్చి వదినగారి కాళ్ళ దగ్గర కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

“పెద్దవాళ్ళందరూ కూర్చుని, కిష్టుడికిచ్చి చేసేద్దామని అనేసుకున్నారు. నన్నెవరూ అడగలేదు. కిష్టుడొక్కడే అడిగాడు” అంది మాణిక్యమ్మ. “పెరటి గుమ్మం దగ్గర నిలబడి, ‘వదినా, నీకిష్టం లేకపోతే చెప్పు, నేను ఎటైనా పోతాను, నింద నా మీదే పడుతుంది’ అన్నాడు. ఆ మాటకే సరేనన్నాను. అక్కడుంటే మాటలు పడాలని కంకిపాడు తీసుకొచ్చేశాడు. మీ నాన్నని కన్నకొడుకులా కాదు, అంతకంటే ఎక్కువ చూశాడు. ఇంకో బిడ్డ కూడా వద్దన్నాడు.”

సింధూరికి కళ్ళు నిండాయి. తాతయ్య మీద ప్రేమ ముందునుంచీ ఉన్నదే. ఇప్పుడు ఆ ప్రేమ బరువెక్కింది.

“నాన్నకి?”

“తెలీదు. తెలియకూడదు.” ఆవిడ గొంతు కటువుగా మారింది. “పోయేముందు మీ తాతయ్య నా చేత ఒట్టేయించుకున్నారు. ‘వాడికి నేనే నాన్నని. అది మాత్రం నా దగ్గర్నుంచి తీసెయ్యకు’ అన్నారు. ఎల్లుండి వాడు తండ్రి పేరు చెప్పి పిండం పెట్టాలి. ఈ గొడవ వాడి చెవిన పడితే ఆ పేరు వాడి నోట్లోంచి వస్తుందా? చెప్పవే. వస్తుందా?”

సింధూరికి ఒకటి మాత్రం తెలుసు. నాన్న వచ్చేలోపు గాటు మనిషిని ఈ ఫోల్డరులోంచి తీసెయ్యాలి.

గబగబా మొదలుపెట్టింది. గాటు కనిపించిన ఫొటోనల్లా ఎంచుకుని ‘తాతయ్య’ చీటీ పీకేసింది. పీకిన చోట కంప్యూటరు ఖాళీ గడి చూపించి, పేరు చెప్పమంది.

“ఏం కొట్టను నానమ్మా?”

“ఏదోటి కొట్టు.”

“ఏదోటి కొడితే ఈయన ఎవరికీ కాకుండా పోతాడు. ఆయన పేరేంటి?”

మాణిక్యమ్మ నోరు తెరిచి, మూసుకుంది. ఉప్పెనలో పోయాడనుకున్న మనిషి. దినవారాలు కూడా చేసేశారు. ఇంక తరగడానికి ఏ ఆయుష్షు ఉందని? అయినా ఆవిడకి నోరు రాలేదు. తల పక్కకి తిప్పుకుని, పెళ్ళికూతురిలా గొంతు తగ్గించి, “మన వీధి చివర మందులాయన లేడూ, ఆయన పేరే” అంది.

సింధూరి నిర్ఘాంతపోయింది. ఈ వీధిలో పాలు పోసే కృపానందం, ఇస్త్రీ చేసే అమలమ్మ, అందరూ నానమ్మకి పేర్లతోనే ఉన్నారు. మందుల షాపాయన్ని మాత్రం ఎప్పుడూ ‘మందులాయన’ అనే అంటుంది. ముసలావిడ చాదస్తం అని ఇంట్లో అందరూ నవ్వుకునేవారు. తాతయ్య మాత్రం నవ్వేవాడు కాదు. అది ఇప్పుడు గుర్తొచ్చింది.

ఖాళీ గడిలో ‘సంజీవరావు’ అని కొట్టింది.

తెర మీద చిన్న చక్రం తిరిగింది. పేరు దొరికిన మొహాన్ని పట్టుకుని కంప్యూటరు ఉన్న ఫొటోలన్నీ గాలించడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటే వచ్చి వరసలో నిలబడ్డాయి. తలంబ్రాల పళ్ళెం ముందు సంజీవరావు. బండి చక్రం మీద చెయ్యి వేసి సంజీవరావు. పసివాణ్ణి రెండు చేతులా పైకెత్తిన సంజీవరావు. మాణిక్యమ్మ పీట మీంచి లేచి వచ్చి మనవరాలి కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. అన్నీ నలుపూ తెలుపూ.

చివరిది మాత్రం రంగుల ఫొటో.

పొరపాటు పడి ఉంటుందనుకుంది సింధూరి. పెద్దది చేసి చూసింది. కంకిపాడు హాలు. తాతయ్య పెద్దకర్మ భోజనాలు. బంతి చివర, స్తంభం పక్కన, భుజాన తువ్వాలుతో తెల్ల గడ్డం ముసలాయన. విస్తరి ముందు తల కొంచెం పైకెత్తి చూస్తున్నాడు. కుడి కనుబొమ మధ్యలో తెల్లటి గీత. ఆయన విస్తరిలో నెయ్యి వడ్డిస్తూ వంగి ఉన్నది దుర్గాప్రసాద్.

కింద చీటీ: ‘నాన్న’.

ఈ ఫొటో ఆమె చూసిందే. దుర్గాప్రసాద్ ఉన్నాడు కాబట్టి ‘నాన్న’ సరైనదే అని వదిలేసిందే. ఇందులో తాతయ్య పటం ఎక్కడా లేదు. ఆ చీటీ ఎవరు తగిలించారో చూసింది. దుర్గాప్రసాద్. ఆ ఆదివారం. ఇంకా ఆమె కోప్పడక ముందు. తన వరసలో.

తండ్రి ఆ రోజు ‘నాన్న’ అని రాసింది తన గురించి కాదు.

కాలింగ్ బెల్ మోగింది.

సింధూరి రెండు చేతులూ చాపి తెర కప్పేసింది. “నానమ్మా, నువ్వు లోపలికెళ్ళు. తలుపు నేను తీస్తాను.”

“చెయ్యి తియ్యి.”

“నానమ్మా, వద్దు.”

“తియ్యవే.” మాణిక్యమ్మ గట్టిగా ఏం అనలేదు. మనవరాలి చేతుల్ని తానే పట్టుకుని, ఒకదాని తరవాత ఒకటి పక్కకి జరిపింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. ఆ తెల్ల గడ్డం వంక, ఆ గాటు వంక చాలాసేపు చూసింది. ఆవిడ ఏడుస్తుందని సింధూరి భయపడింది. ఆవిడ ఏడవలేదు. వేలితో ఆ విస్తరి అంచు తడిమింది.

బెల్ మళ్ళీ మోగింది. తలుపు వేసి లేదు, దగ్గరగా జేరేసి ఉంది అంతే. దుర్గాప్రసాద్ నెట్టుకుని లోపలికి వచ్చాడు. “ఏంటమ్మలూ, పెన్‌డ్రైవ్...” అంటూ తెర చూశాడు. తల్లిని చూశాడు. చేతిలో కారు తాళాల శబ్దం ఆగిపోయింది.

ఎవరాయన అని అతను అడగలేదు.

అడగకపోవడమే చాలింది మాణిక్యమ్మకి. కొడుకు వైపు తిరగకుండానే, తెర మీంచి వేలు తియ్యకుండానే అంది:

“ప్రసాదూ, ఆ రోజు ఆయన కడుపునిండా తిన్నాడా?”

దుర్గాప్రసాద్ గుమ్మానికి ఆనుకున్నాడు. ఏభై ఏళ్ళకి దగ్గరపడ్డ మనిషి, చెమట తుడుచుకోవడం కూడా మర్చిపోయి, చిన్నపిల్లాడిలా తల్లి వీపు వంక చూస్తూ నిలబడ్డాడు.

“లేదమ్మా” అన్నాడు. “సగంలోనే లేచెళ్ళిపోయాడు. అందుకే ఇవాళ తీసుకొచ్చాను. కింద కార్లో ఉన్నాడు. నువ్వు రమ్మంటేనే పైకొస్తానంటున్నాడు.”